వింబుల్డన్: పచ్చిక చుట్టూ ఎదిగిన క్రీడాంగణం

లండన్ నగరానికి నైరుతి దిక్కున, చర్చ్ రోడ్డు పక్కన ఉన్న వింబుల్డన్ టెన్నిస్ ఆవరణ విస్తీర్ణం సుమారు 42 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పాతదైన టెన్నిస్ పోటీ ఏటా ఇక్కడే జరుగుతుంది. యూఎస్ ఓపెన్ 1974తో, ఆస్ట్రేలియన్ ఓపెన్ 1987తో గడ్డి కోర్టులకు స్వస్తి చెప్పాయి. నాలుగు గ్రాండ్ స్లామ్ పోటీల్లో ఇప్పటికీ పచ్చిక మీద ఆడేది వింబుల్డన్ ఒక్కటే. ఇక్కడ కట్టిన గ్యాలరీలైనా, పైకప్పులైనా ప్రాణమున్న ఆ నేలను కాపాడుకుంటూ కట్టినవే. ఈ ఆవరణ చరిత్రను అర్థం చేసుకోవడానికి మొదటి ఆధారం అదే.

రోలరు మరమ్మతు కోసం మొదటి పోటీ

పచ్చిక మీద టెన్నిస్ ఆడాలంటే రెండు ఆవిష్కరణలు కావలసి వచ్చాయి. 1830లో ఇంగ్లండుకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. దానితో గడ్డిని నేలకు దగ్గరగా, సమంగా కత్తిరించడం సాధ్యమైంది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే వల్కనీకరణ పద్ధతి 1840లలో వాడుకలోకి వచ్చింది. మెత్తని గడ్డి మీద కూడా చక్కగా ఎగిరే బంతులు అలా తయారయ్యాయి. ఈ రెండింటి ఆసరాతో 1874లో మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ పచ్చిక టెన్నిస్‌కు పేటెంటు తీసుకున్నాడు.

వింబుల్డన్ క్లబ్బు 1868లో పుట్టినప్పుడు అక్కడ ఆడింది క్రోకే అనే ఆట. వర్పుల్ రోడ్డులోని నాలుగెకరాల స్థలంలో 1875లో టెన్నిస్‌కు చోటిచ్చారు. పచ్చికను చదును చేసే, గుర్రం లాగే రోలరు పాడైతే దాని మరమ్మతుకు డబ్బు కూడబెట్టాలని 1877లో పోటీ పెట్టారు. 22 మంది పురుషులు ఆడారు. ఒక షిల్లింగు చెల్లించి వచ్చిన సుమారు 200 మంది ముందు స్పెన్సర్ గోర్ విజేతగా నిలిచాడు. ఆ పోటీ కోసం స్థిరపరచిన 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు కొలతలే సింగిల్స్ కోర్టుకు నేటికీ ప్రమాణం. 1884లో మహిళల సింగిల్స్ మొదలైంది. మొదటి విజేత మాడ్ వాట్సన్.

చర్చ్ రోడ్డుకు తరలింపు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సు క్రీడాకారిణి సుజాన్ లెంగ్లెన్ ఆట చూడడానికి జనం పోటెత్తారు. వర్పుల్ రోడ్డు స్థలం చాలలేదు. 1922లో క్లబ్బు చర్చ్ రోడ్డుకు మారింది. స్టాన్లీ పీచ్ రూపకల్పన చేసిన సెంటర్ కోర్టును ఐదవ జార్జి రాజు ప్రారంభించాడు. ఆ ఏడాది పోటీ జరిగిన ప్రతిరోజూ వాన పడింది. 1924లో ఒకటో నంబరు కోర్టు తోడైంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో పోటీలు ఆగిపోయాయి. ఆవరణలో పందులను, కోళ్లను పెంచారు. 1940 అక్టోబరులో సెంటర్ కోర్టు మీద బాంబు పడి సుమారు 1,200 సీట్ల మేర గ్యాలరీ దెబ్బతింది. 1946లో ఆట తిరిగి మొదలైనా మరమ్మతులు పూర్తయ్యేసరికి 1949 వచ్చింది. 1967లో బ్రిటన్ తొలి రంగుల టీవీ ప్రసారం ఇక్కడినుంచే జరిగింది. మరుసటి ఏడాది వృత్తి క్రీడాకారులకూ తలుపులు తెరుచుకోవడంతో ప్రేక్షకులు ఇంకా పెరిగారు. 1979లో సెంటర్ కోర్టు గ్యాలరీ కప్పును మీటరు మేర పైకి లేపి వెయ్యికి పైగా సీట్లు చేర్చారు. 1997లో కొత్త ఒకటో నంబరు కోర్టు వచ్చింది. ఇప్పుడు సెంటర్ కోర్టులో 14,979 మంది, ఒకటో నంబరు కోర్టులో 12,000 మందికి పైగా కూర్చోవచ్చు.

గడ్డి వెనుక ఉన్న శాస్త్రం

నేలను తాకిన బంతి రెండు విధాలుగా వేగం కోల్పోతుంది. నేల ఎంత గట్టిదన్న దాన్ని బట్టి బంతి పైకి లేచే ఎత్తు మారుతుంది. రాపిడి ఎంతన్న దాన్ని బట్టి ముందుకు సాగే వేగం తగ్గుతుంది. ఫ్రెంచ్ ఓపెన్ ఆడే మట్టి కోర్టులో పైపొడి బంతిని పట్టి ఆపుతుంది కాబట్టి వేగం తగ్గి బంతి ఎత్తుగా లేస్తుంది. గడ్డి మీద రాపిడి తక్కువ. అందుకే బంతి తక్కువ ఎత్తులో జారినట్లు దూసుకుపోతుంది.

2000 వరకు ఇక్కడి పచ్చికలో 70 శాతం రై గడ్డి, 30 శాతం ఫెస్క్యూ గడ్డి ఉండేవి. 2001 నుంచి పూర్తిగా బహువార్షిక రై గడ్డినే పెంచుతున్నారు. తొక్కిడికి ఓర్చుకునే గుణం దీనికి ఎక్కువ. కింద బంకమన్ను పాలు ఎక్కువగా ఉన్న నేలను ఆరనిచ్చి గట్టిపరుస్తారు. నేల బిరుసెక్కడంతో బంతి మునుపటికన్నా ఎత్తుగా లేస్తోంది. ఆటగాళ్లు నెట్ దగ్గరికి పరుగెత్తే తీరు తగ్గి, వెనక గీత దగ్గరే నిలిచి ఆడడం పెరిగింది. గడ్డి అరిగి మట్టి తేలే చోటు కూడా దానితోపాటే వెనక్కి జరిగింది.

పోటీల సమయంలో గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తున నిలుపుతారు. నేల గట్టిదనాన్ని క్లెగ్ హామర్ అనే సాధనంతో కొలుస్తారు. ఒక బరువును నేల మీదికి వదిలి, తాకిన క్షణంలో దాని వేగం ఎంత త్వరగా తగ్గిందో చూడడం ఇందులోని సూత్రం. 2012లో లండన్ ఒలింపిక్స్ టెన్నిస్ కూడా ఇక్కడే జరిగింది. రెండు పోటీల నడుమ మూడు వారాలే వ్యవధి ఉండడంతో, ముందే మొలకెత్తించిన విత్తనాలు చల్లి అరిగిన చోట్లను మళ్లీ పచ్చగా చేశారు.

కదిలే పైకప్పు

తడిసిన గడ్డి జారుతుంది. అందువల్ల దశాబ్దాలపాటు వాన వస్తే ఆట ఆగేది. 2009లో సెంటర్ కోర్టుకు, 2019లో ఒకటో నంబరు కోర్టుకు కదిలే పైకప్పులు అమరాయి. సెంటర్ కోర్టు కప్పులో పది ఉక్కు దూలాలు ఉన్నాయి. వాటి మధ్య బిగించిన గుడ్డ హార్మోనియం తిత్తిలా ముడుచుకుని, విచ్చుకుంటుంది. కప్పు మూయడానికి పది నిమిషాల వరకు పడుతుంది. కింది గడ్డికి వెలుగు అందాలి కనుక కాంతి చొరబడే గుడ్డనే ఎంచుకున్నారు.

కప్పు మూయడంతోనే పని తీరదు. వేల మంది ఊపిరినుంచి, గడ్డినుంచి వెలువడే నీటి ఆవిరి లోపలే నిలిచిపోతే పచ్చిక మీద తేమ చేరి కాలు జారుతుంది. దీన్ని నివారించడానికి యంత్రాలు గాలిలోని తేమను తగ్గించి, తాజా గాలిని పంపుతాయి. లోపలి వాతావరణం కుదుటపడ్డాకే ఆట మొదలుపెడతారు.

గీతల తీర్పులోనూ మార్పు వచ్చింది. 2007లో హాక్-ఐ కెమెరాలు ప్రవేశించాయి. వేర్వేరు కోణాల్లో తీసిన చిత్రాలను కలిపి, బంతి సాగిన దారిని కంప్యూటరు లెక్కగడుతుంది. 2025 నుంచి లైన్ జడ్జీల స్థానాన్ని పూర్తిగా ఈ సాంకేతికతే తీసుకుంది.

భారతీయుల ముద్ర

రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాల్లో ఇక్కడ పురుషుల సింగిల్స్ సెమీఫైనల్ చేరాడు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2003లో బాలికల డబుల్స్, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ టైటిళ్లు గెలిచింది.

రాబోయే విస్తరణ

అర్హత పోటీలు ఇప్పటికీ ఈ ఆవరణలో కాక, కొంత దూరంలోని రోహాంప్టన్‌లో జరుగుతున్నాయి. ఈ కొరత తీర్చడానికి క్లబ్బు రోడ్డు అవతలి గోల్ఫ్ మైదానాన్ని సమకూర్చుకుంది. అక్కడ 8,000 సీట్ల కోర్టుతో కలిపి 39 కొత్త గడ్డి కోర్టులు వేయాలన్న ప్రణాళికకు 2024 సెప్టెంబరులో లండన్ నగర పాలన అనుమతి లభించింది. చెట్లు, బహిరంగ స్థలం పోతాయని స్థానికులు వ్యతిరేకించి న్యాయస్థానాలను ఆశ్రయించారు. ఆ నిర్మాణం పూర్తయితే అర్హత పోటీలనుంచి ఫైనల్ దాకా అన్ని మ్యాచులూ చర్చ్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న పచ్చిక మీదే జరుగుతాయి.