జన్యువు ఇస్తే సరిపోదు, హీమ్ కూడా అందాలి

రక్తం ఎరుపు హిమోగ్లోబిన్ వల్ల అంటాం గానీ, నిజానికి ఆ రంగు అందులో ఇమిడి ఉన్న హీమ్‌ది. పోర్ఫిరిన్ అనే వలయం, దాని నడుమ ఒక్క ఇనుప పరమాణువు, అంతే హీమ్. ఆక్సిజన్‌ను పట్టుకునేదీ, వదిలేదీ ఆ ఇనుమే. హీమ్ లేని గ్లోబిన్‌కు, అంటే ఒట్టి ప్రోటీన్ భాగానికి, రంగు ఉండదు, ఆక్సిజన్ మోసే శక్తీ ఉండదు, త్వరగా చెడిపోతుంది కూడా. అందుకే ఇలాంటి పరాయి ప్రోటీన్లను ఈ.కొలై బ్యాక్టీరియాతో చేయించేటప్పుడు జన్యువును లోపలికి పంపడం సగం పనే అని నా అభిప్రాయం. 1980ల మధ్యలో కియోషి నగాయ్ బృందం మనిషి బీటా గ్లోబిన్‌ను ఈ.కొలైలో తయారుచేసింది గానీ, హీమ్‌ను ఆ తర్వాత బయట కలపాల్సి వచ్చింది. 1987లో స్ప్రింగర్, స్లిగార్ తిమింగలం మయోగ్లోబిన్ జన్యువును కృత్రిమంగా కూర్చి పెట్టినప్పుడు బ్యాక్టీరియా తన సొంత హీమ్‌నే అందించింది, కణాలు ఎర్రబడ్డాయి. 1990లో ఆల్ఫా, బీటా గొలుసులు రెండూ కలిసిన మనిషి హిమోగ్లోబిన్ కూడా అలాగే తయారైంది.

అయితే ఈ.కొలై హీమ్‌ను తన చిన్న అవసరాలకు తగినంతే చేసుకుంటుంది. గ్లుటమేట్‌తో మొదలయ్యే ఆ దారిలో అమైనోలెవులినిక్ ఆమ్లం తయారయ్యే దగ్గరే ఇరుకు. ప్రోటీన్ ధారగా తయారవుతుంటే హీమ్ చాలక ఖాళీ అణువులు పోగుపడతాయి. అందుకే పోషక ద్రవంలో ఆ ఆమ్లాన్నీ, ఇనుమునూ కలుపుతారు, ఉష్ణోగ్రత తగ్గించి ప్రోటీన్ తయారీని నెమ్మదింపజేస్తారు. మామూలు ప్రయోగశాల రకాలు బయటి హీమ్‌ను సరిగా లోపలికి తీసుకోలేవు కాబట్టి, వ్యాధికారక రకాల్లోని చుఏ అనే ద్వారపు జన్యువును కూడా జోడిస్తారు. అలాగని హీమ్ దారిని విచ్చలవిడిగా తెరిచినా ప్రమాదమే: వాడకం కాని పోర్ఫిరిన్లు పేరుకుని, వెలుతురు తగిలితే కణాన్నే దెబ్బతీస్తాయి.

ఖాళీ ప్రోటీన్‌ను శుద్ధిచేసి, తర్వాత హీమ్ కలుపుకుంటే పోదా అని అడగవచ్చు. కొన్ని గ్లోబిన్లకు అది నడుస్తుంది. కానీ హీమ్ నీటిలో సరిగా కరగదు, చోటు కాని చోట అంటుకుంటుంది, తలకిందులుగానూ కూర్చుంటుంది. సైటోక్రోమ్ సి అనే మరో హీమ్ ప్రోటీన్ సంగతి మరీ కష్టం: అక్కడ హీమ్ రసాయన బంధంతో అతకాలి, అందుకు ఈ.కొలైలో ఎనిమిది సీసీఎం జన్యువుల యంత్రాంగం పనిచేయాలి. మామూలుగా అది ఆక్సిజన్ కరువైనప్పుడే మేలుకుంటుంది. కాబట్టి ఆ జన్యువులను వేరే ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) మీద పెట్టి పనిచేయిస్తారు.

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ప్రోటీన్ వచ్చిందన్న లెక్క ఒక్కటే చూసి విజయం అనుకోకూడదు. హీమ్ కాంతిని బలంగా పీల్చేది 410 నానోమీటర్ల దగ్గర, ప్రోటీన్ పీల్చేది 280 దగ్గర. ఎంత ప్రోటీన్‌కు హీమ్ అందిందో చూపే ఆ రెండింటి నిష్పత్తిని కూడా దిగుబడి పక్కనే చెప్పినప్పుడే ఆ దిగుబడిని నమ్మాలి.