కల్తీ కల్లు వ్యసనం

కల్తీ కల్లు వ్యసనం అనగా మత్తుమందులు కలిపిన కల్లును నిత్యం సేవించుట వలన మెదడు ఆ మందులకు అలవాటు పడిపోయే స్థితి. తెలంగాణలో, ముఖ్యంగా మహబూబ్ నగర్, నిజామాబాదు జిల్లాలలో ఇది ఒక ప్రజారోగ్య సమస్య. వ్యసనపరులలో అనేకులకు తాము తాగుతున్నది మందు కలిపిన కల్లని తెలియదు.

కలిపే పదార్థములు

గీత కార్మికులు తాటి, ఈత చెట్ల నుండి దించే స్వచ్ఛమైన కల్లులో సుమారు 5 శాతం ఆల్కహాలు ఉంటుంది. చెట్ల కల్లు గిరాకీకి చాలనప్పుడు కొందరు వ్యాపారులు నీటిలో తీపికి శాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతారు. చివరి రెండూ వైద్యులు ఆందోళన తగ్గుటకు ఇచ్చే మందులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనివి.

మెదడులో జరిగే మార్పులు

నాడీకణాలను శాంతపరచే ప్రధాన రసాయనం గాబా, ఉత్తేజపరచేది గ్లుటమేట్. ఈ రెండూ తక్కెడలోని తట్టల వలె సరితూగుతూ ఉంటాయి. పై మందులు నాడీకణాలపై నుండే గాబా గ్రాహకాలకు అతుక్కొని దాని ప్రభావాన్ని పెంచుతాయి. అందువలన హాయి, నిద్ర కలుగుతాయి. నెలల తరబడి సేవించినచో మెదడు గాబాకు స్పందనను తగ్గించుకొని, గ్లుటమేట్ ప్రభావాన్ని పెంచుకుంటుంది. అందుచేత ఒక సీసాతో కలిగిన మత్తుకు రెండు సీసాలు కావలసి వస్తుంది. హఠాత్తుగా మానినచో శాంతపరచే తట్ట తేలిపోయి, మెదడు అదుపు తప్పి ఉత్తేజితమవుతుంది.

నల్లమందుతో పోలిక

నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్ వేరొక రకం గ్రాహకాలపై పనిచేస్తాయి. వీటిని 1973లో కనుగొన్నారు. మెదడులో సహజంగా తయారయ్యే ఎండార్ఫిన్లు పనిచేసేది వీటిపైనే. అయినప్పటికీ రెండు వ్యసనాలూ డోపమిన్ ను పెంచే ఒకే మార్గంలో కలుస్తాయి. మళ్ళీ కావాలనే తపనకు అదే మూలం. భేదమేమనగా, నల్లమందు మానినప్పటి ఒళ్ళునొప్పులు, విరేచనాలు ఎంత బాధించినా ప్రాణాపాయం అరుదు. కల్తీ కల్లు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చును.

2015 నాటి సంఘటనలు

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీపై దాడులు ముమ్మరం చేయగా, అలవాటైన మత్తు దొరకని వారు వణుకు, నిద్రలేమి, భ్రాంతులు, మూర్ఛలతో మహబూబ్ నగర్, నిజామాబాదు ఆసుపత్రులలోను, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోను పెద్దసంఖ్యలో చేరారు. కొందరు మరణించారు.

చికిత్స

వైద్యులు డయాజిపామ్ వంటి మందునే తగిన మోతాదులో ఇచ్చి, క్రమంగా తగ్గిస్తారు. మత్తుమందుతో చికిత్స వింతగా తోచవచ్చును గాని, మెదడు తిరిగి సమతౌల్యానికి వచ్చుటకు వ్యవధి కావాలి. కనుక ఇది మనోబలంతో ఒక్కనాడు మానదగిన అలవాటు కాదు. రోగి కల్లు తాగేవాడని, ఎప్పటి నుండి మానాడని కుటుంబసభ్యులు వైద్యునికి దాచకుండా తెలియజేయడం అత్యవసరం.