లాటిన్ వ్యాకరణ పునశ్చరణ - అనువాదం: తెలుగు విద్యార్థి దృక్కోణం

వ్యాససంగ్రహం:
భారతీయ విద్యార్థి లాటిన్‌ను సాధారణంగా ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటాడు. ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తులు దాదాపుగా లేవు. తెలుగులో ఉన్నాయి. అందువల్ల పునశ్చరణ దశలో లాటిన్ వాక్యాన్ని నేరుగా తెలుగుతో పోల్చి చూడడం వల్ల కలిగే లాభాలను, ఎదురయ్యే ప్రమాదాలను ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలక పదాలు: లాటిన్, విభక్తి, అబ్లాటివ్, సతిసప్తమి, క్త్వార్థకం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పరిశోధకునికి లాటిన్‌తో ఏమి పని అనే ప్రశ్న సహజమైనదే. బెంజమిన్ షుల్జ్ 1728లో మద్రాసులో తెలుగు భాషకు ‘గ్రామాటికా తెలుగికా’ అనే వ్యాకరణాన్ని లాటిన్‌లో రచించాడు. చిరకాలం లిఖితప్రతిగానే ఉన్న ఆ గ్రంథం 1984లో జర్మనీలోని హాలే నగరంలో అచ్చయింది. మన భాషను గురించిన ఇటువంటి రచనను స్వయంగా చదవాలంటే లాటిన్ వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకోగల శక్తి కావాలి. పదజాలాన్ని నిఘంటువు అందిస్తుంది. వాక్య సంబంధాన్ని మాత్రం వ్యాకరణమే తెలపాలి.

2. దీర్ఘ హ్రస్వాలు - తెలుగు లిపి:
ముద్రిత లాటిన్ గ్రంథాలు చాలావరకు అచ్చుల దైర్ఘ్యాన్ని చూపవు. అర్థభేదం మాత్రం దానిపై ఆధారపడుతుంది. ‘లిబెర్’ అంటే పుస్తకం, ‘లీబెర్’ అంటే స్వతంత్రుడు. ‘పొపులుస్’ అంటే ప్రజ, ‘పోపులుస్’ అంటే ఒక జాతి చెట్టు. ‘వెనిత్’ అంటే వస్తున్నాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. ఎ-ఏ, ఒ-ఓ భేదాలను తెలుగు లిపి సహజంగా చూపగలదు. కాబట్టి పునశ్చరణ చేసే విద్యార్థి రూపావళులను ప్రాచీన ఉచ్చారణ ననుసరించి తెలుగు లిపిలో రాసుకోవడం ప్రయోజనకరం. ‘రొస’ (గులాబీ) ప్రథమ అనీ, ‘రొసా’ అబ్లాటివ్ అనీ అప్పుడు కంటికే తెలుస్తుంది.

3. క్రియ నుండి అన్వయం:
‘మగిస్తెర్ దిస్కిపులో లిబ్రుమ్ దత్’ అంటే ‘ఉపాధ్యాయుడు విద్యార్థికి పుస్తకాన్ని ఇస్తున్నాడు’ అని అర్థం. ‘లిబ్రుమ్ దిస్కిపులో మగిస్తెర్ దత్’ అన్నా ప్రాథమికార్థం మారదు, ఊనిక మాత్రమే మారుతుంది. తెలుగు విద్యార్థికి ఇది కొత్త కాదు.

చిక్కు వేరొక చోట ఉంది. లాటిన్‌లో ఒకే రూపం అనేక విభక్తులకు చెల్లుతుంది. ‘పుయెల్లై’ అనే రూపానికి ‘అమ్మాయి యొక్క’, ‘అమ్మాయికి’, ‘అమ్మాయిలు’ అనే అర్థాలు ఉన్నాయి. వాక్యంలో క్రియ ‘దత్’ అయితే అది ఏకవచనం గనుక ‘అమ్మాయిలు’ కర్త కాజాలదు. ‘దన్త్’ అయితే ఆ అవకాశం తిరిగి ఏర్పడుతుంది. అందువల్ల ముందుగా క్రియను గుర్తించి, దాని పురుష వచనాలను నిర్ణయించి, ఆ తరువాతే కర్తను వెదకాలి. క్రియారూపం లింగాన్ని చెప్పదనేది కూడా గమనించాలి. ‘వెనిత్’ను ‘వస్తున్నాడు’ అనాలో ‘వస్తున్నది’ అనాలో సందర్భమే నిర్ణయిస్తుంది.

4. అబ్లాటివ్ విభక్తి:
ఈ పేరుకు మూలార్థం ‘తీసివేతకు సంబంధించినది’ అని. ఇది మన అపాదాన భావనకు దగ్గరగా ఉంటుంది. అయితే చారిత్రకంగా మూల ఇండో-యూరోపియన్ భాషలోని అపాదాన, కరణ, అధికరణ విభక్తులు లాటిన్‌లో ఈ ఒక్క విభక్తిలో కలిసిపోయాయి. సంస్కృతం వాటిని పంచమి, తృతీయ, సప్తములుగా వేరుగా నిలుపుకుంది. కనుక ఒకే లాటిన్ విభక్తికి తెలుగులో వేర్వేరు ప్రత్యయాలు అవసరమవుతాయి.

- గ్లదియో పుగ్నత్: కత్తితో పోరాడుతున్నాడు (కరణం).
- రోమా వెనిత్: రోమ్ నుండి వస్తున్నాడు (అపాదానం).
- తెర్తియా హోరా వెనిత్: మూడవ గంటవేళ వస్తున్నాడు (కాలాధికరణం).
- తెర్ర లూనా మయ్యొర్ ఎస్త్: భూమి చంద్రుని కంటె పెద్దది (తారతమ్యం).

‘అబ్లాటివ్ అంటే పంచమి’ అని కంఠస్థం చేసిన విద్యార్థి ఈ నాలుగింటిలో రెండుచోట్ల పొరబడతాడు. విభక్తి పేరుకు బదులు కారక సంబంధాన్ని ప్రశ్నించుకోవడమే సరైన పద్ధతి.

5. అబ్లాటివ్ అబ్సల్యూట్ - అనువాద సమస్య:
‘ఉర్బె కప్తా, మీలితేస్ దొముమ్ రెదియేరున్త్’ అనే వాక్యాన్ని పరిశీలిద్దాం. మొదటి రెండు పదాలు ప్రధాన వాక్యంతో అన్వయించక విడిగా నిలుస్తాయి. సంస్కృతంలోని సతిసప్తమి దీనికి సమాంతర నిర్మాణం: ‘నగరే జితే సైనికా గృహం గతాః’.

దీనిని ‘సైనికులు నగరాన్ని పట్టుకొని ఇంటికి మరలారు’ అని అనువదిస్తే తెలుగు సాఫీగా ఉంటుంది, కానీ మూలంలో లేని విషయం చేరుతుంది. క్త్వార్థకానికి, ప్రధాన క్రియకు కర్త ఒక్కరే కావాలి. కాబట్టి ఆ అనువాదం నగరాన్ని పట్టుకున్నది ఆ సైనికులే అని నిర్ధారిస్తుంది. మూలం ఆ మాట చెప్పదు. పట్టుకున్నవారు వారే కావచ్చు, ఓడిపోయి మరలినవారూ కావచ్చు. ‘నగరం పట్టుబడగా సైనికులు ఇంటికి మరలారు’ అన్నప్పుడు కర్త అనిశ్చితంగానే ఉంటుంది. కాలమా, కారణమా అనే సందిగ్ధతనూ ‘-గా’ రూపం చాలావరకు నిలుపుతుంది. చరిత్ర పత్రాలను అనువదించేటప్పుడు ఈ భేదం శైలికి మాత్రమే పరిమితం కాదు. ఒక చర్యను ఎవరికి ఆపాదిస్తున్నామన్నది దీనిపై ఆధారపడుతుంది.

6. పరోక్ష కథనం:
‘దీకిత్ సే వెనీరె’, ‘దీకిత్ ఎయుమ్ వెనీరె’ అనే రెండు వాక్యాలకూ ఇంగ్లీషులో సాధారణంగా ఒకే సర్వనామం వస్తుంది. తెలుగులో మొదటిది ‘తాను వస్తున్నానని చెబుతున్నాడు’, రెండవది ‘అతడు వస్తున్నాడని చెబుతున్నాడు’ అవుతుంది. లాటిన్ ‘సే’ చేసే పనిని మన ‘తాను’ చేస్తుంది. ఇంగ్లీషు అనువాదం మీదుగా తెలుగులోకి వచ్చేవారికి ఈ స్పష్టత మధ్యలోనే జారిపోతుంది.

7. ముగింపు:
పునశ్చరణ అంటే రూపావళులను మరొకసారి వల్లించడం మాత్రమే కాదు. ప్రతి వాక్యంలో క్రియను నిర్ణయించడం, ప్రతి నామరూపానికి సాధ్యమైన విభక్తులన్నీ రాసుకొని సరిపడనివాటిని తొలగించడం, చివరగా అనువాదం మూలం కంటె ఎక్కువ చెబుతున్నదా అని పరీక్షించడం - ఈ మూడూ అందులో భాగం కావాలి. దీర్ఘ హ్రస్వాలు చూపే లిపి, ‘-గా’ రూపం, ‘తాను’ అనే సర్వనామం తెలుగు విద్యార్థి చేతిలో ఇప్పటికే ఉన్న సాధనాలు. అధ్యాపకులు తరగతిలో వీటిని వినియోగిస్తే, లాటిన్ మూలాలను మధ్యవర్తి భాష లేకుండా పరిశీలించగల పరిశోధకులు తయారవుతారు.