ఓర్పు పేరిట నొప్పి

స్త్రీకి ఓర్పు భూషణమని చిన్ననాటినుండి వినుచునే యున్నాము. అయినను, తగ్గింపదగిన బాధను సహింపుమనుట ధర్మమగునా?

అరకులోయలో మా యింటికి కూరలు తెచ్చు గిరిజన యువతి, ముగ్గురు బిడ్డలు కలిగిన పిమ్మట, కాపర్-టి వేయించుకొనుటకై మమ్ము తోడు పిలిచినది. పరికరముతో గర్భాశయముఖమును పట్టి లోతు కొలుచునపుడు ఆమె కేక వేసినది. “ముగ్గురిని కన్నదానివి, దీనికే ఏడుపా?” అని గద్దించిరి. నొప్పి కలుగునని ముందుగా నొక్కమాటయైనను చెప్పినవారు లేరు. మందు నడుగవచ్చునని మేమును ఎరుగము.

తరువాత తెలిసికొంటిమి. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ వ్యాధినివారణ సంస్థ వైద్యులకు సూచనలిచ్చినది. నొప్పిని గూర్చి స్త్రీతో ముందే మాటలాడి ఉపాయము నిర్ణయింపవలెననియు, లిడొకెయిన్ అను తిమ్మిరిమందు సూదిగాగాని పూతగాగాని ఉపకరింపవచ్చుననియు అందు కలదు. ఐబుప్రొఫెన్ మాత్ర అమర్చునపుడు అంతగా పనిచేయకున్నను, తరువాతి పొత్తికడుపు పోటును తగ్గించును.

కాపర్-టి మంచి సాధనమే. 380ఎ రకము పదేండ్లు పనిచేయును, కోరినపుడు తీయించుకొనవచ్చును. కాని ఒకతె కేక సంతలో పదిమందికి వినబడిన, ఆ పదిమందియు వెనుదీయుదురు.

కావున ముందే యడుగుడు: “నొప్పికేమి మందిత్తురు? ఆపుమన్న ఆపుదురా?” ఏ మందైన పడనిచో చెప్పుడు. కువి, ఆదివాసీ ఒరియా మాటలాడు తల్లులకు వారి భాషలోనే ఈ మాట చెప్పించుడు. అడుగుట ఓర్పులేమి కాదు.