కళ్ల మీదికి ఉన్ని



ఇంగ్లీషులో 'పుల్ ద ఊల్ ఓవర్ సమ్‌వన్స్ ఐస్' అని ఒక పలుకుబడి ఉంది. మాటకు మాట చెబితే, ఒకరి కళ్ల మీదికి ఉన్ని లాగడం. అసలు అర్థం, నిజం కనబడకుండా చేసి మోసగించడం. కంబళ్లు నేసే మన బళ్లారి సీమలో ఉన్ని అంటే చలికి కప్పుకునేది. మరి అది మోసానికి గుర్తెలా అయింది?

దీనికొక కథ చెబుతారు. పూర్వం ఇంగ్లాండులో పెద్దమనుషులు తలకు విగ్గులు పెట్టుకునేవారు. దొంగ ఎవడో వెనకనుంచి వచ్చి, విగ్గును కళ్ల మీదికి లాగి, ఆ సందులో డబ్బుసంచి కాజేసేవాడట. జుట్టును వేళాకోళంగా ఉన్ని అనేవారు కనుక ఈ మాట పుట్టిందంటారు. కథ బాగానే ఉంది. కాని ఈ పలుకుబడి అచ్చులో కనిపించేది 1830ల చివర, అదీ అమెరికా పత్రికల్లో. అప్పటికి విగ్గుల వేడుక దాదాపు ముగిసింది. కథను నిలబెట్టే పాత రాత ఏదీ లేదు. చెప్పడానికి ఇంపుగా ఉంది కనుక లోకం నమ్మింది. మోసగాడి మాట కూడా అలాగే ఇంపుగా ఉంటుంది సుమండీ!

మన పలుకుబళ్లు చూడండి. తెలుగులో టోపీ పెట్టాడంటాం, కన్నడంలో 'టోపి హాకిద' అంటారు. మనకు పంగనామం పెడితే వారికి 'పంగనామ' హాకుతారు. మనం కళ్లకు గంతలు కట్టారంటే, వారు కంటికి మన్ను చల్లారంటారు. ఏ భాషలోనైనా మోసగాడి చెయ్యి ముందు తల మీదికో, కళ్ల మీదికో పోతుంది.

ఈ సంగతి సరిహద్దువారికి మరీ ముఖ్యం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇక్కడ పొలం కాగితాలు కన్నడంలో ఉంటాయి. కన్నడం ధారాళంగా మాట్లాడుతూ, చదవలేని తెలుగువారు ఎందరో ఉన్నారు. అలాంటి రైతు అప్పుకోసం పొలం తాకట్టు పెడుతున్నాననుకుని, అమ్మకపు పత్రం మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుంది? కళ్లు తెరిచి ఉండగానే ఉన్ని కప్పేసినట్టే.

తాకట్టును కన్నడ పత్రంలో 'అడమాన' అని, అమ్మకాన్ని 'క్రయ' అని రాస్తారు. ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. తెలుగు చదివినవారు కాస్త ఓపిక పడితే పోల్చుకోగలరు. అసలు చదువు రానివారు, అప్పిచ్చేవాడితో గాని అతని మనిషితో గాని కాకుండా, బడికి పోయే మన ఇంటి పిల్లలచేతనైనా పత్రం మొత్తం చదివించుకోండి. ఆ తర్వాతే వేలిముద్ర. "ఇంతలో ఏముంది, వేసేయండి" అని ఎవరైనా తొందర పెడితే, అక్కడే ఆగండి. ఉన్ని లాగే చెయ్యికి ఎప్పుడూ తొందరే.