టెనర్ శాక్సఫోన్‌లో షడ్జం ఎక్కడ?

సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ, సుపేలా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు శాక్సఫోన్ ధ్వని కొత్తది కాదు. పెళ్లి బ్యాండ్లలోనో, కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) కచేరీ రికార్డుల్లోనో అది చెవిన పడినదే. అయితే గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతానికి అలవరచినది ఆల్టో రకం కాగా, టెనర్ దానికంటె పెద్దదై, షడ్జ మధ్యమాలకు మధ్య ఉన్నంత అంతరం దిగువన, మగగొంతుకు దగ్గరగా పలుకుతుంది.

బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన ఈ వాద్యం ఇత్తడితో చేసినదైనా, ధ్వని పుట్టేది పలుచని రెల్లు బద్ద అయిన రీడ్ కంపనం వల్ల కనుక, సంగీతజ్ఞులు దీనిని కొయ్య వాద్యాల కుటుంబంలోనే చేర్చారు. కారవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా వాయించిన నాదస్వరానికి రెండు పొరల సీవాళి ఉండగా, దీనికి ఒకే రీడ్ ఉంటుంది. నాదస్వరంలో వేలు రంధ్రాన్నే తాకి గమకాన్ని మలచగలదు. శాక్సఫోన్‌లో రంధ్రాలను తోలు ప్యాడ్లు మూస్తాయి కనుక, ఆ పని చాలావరకు పెదవుల పట్టుకూ ఊపిరికీ చేరుతుంది. ఈ భేదం తెలియకుండా వాద్యం కొన్నవారికి మొదటి ఏడాది నిరాశ తప్పదు.

తెలుగు విద్యార్థికి అసలు ప్రశ్న షడ్జాన్ని ఎక్కడ నిలపాలన్నదే. రెండు చేతుల ఆరు వేళ్లూ మూస్తే హార్మోనియం సి మెట్టు, అంటే ఒకటి శ్రుతి, పలుకుతుంది. దానిని షడ్జంగా తీసుకుంటే కింద శుద్ధ ధైవతంతోనే వాద్యం ఆగిపోతుంది, మంద్ర పంచమం అందదు. ఎడమచేతి మూడు వేళ్లను మాత్రమే మూసి వచ్చే నాలుగు శ్రుతిని షడ్జం చేసుకుంటే, అదే ఆరు వేళ్ల స్థానం మంద్ర పంచమమై, పైన తారస్థాయి నిషాదం దాకా చోటు దొరుకుతుంది. సరళీ స్వరాల మాయామాళవగౌళలోని శుద్ధ రిషభానికి ఎడమ చిటికెనవేలు, శుద్ధ ధైవతానికి కుడి చిటికెనవేలు పనిచేస్తాయి. వేళ్ల అమరిక ఆల్టోకూ టెనర్‌కూ ఒకటే కాబట్టి, ఒకదానిపై పొందిన అభ్యాసం రెండవదానిపై వృథా కాదు.

కొనేటప్పుడు మెరుగును చూసి మోసపోరాదు. మీరట్‌లోని జాలీ కోఠీ నుంచి వచ్చిన బ్యాండు వాద్యమైనా, జపాను యమహా అయినా, చీకటి గదిలో గొట్టంలోకి చిన్న దీపం దించి ప్యాడ్ల అంచున వెలుగు కారుతున్నదేమో చూడాలి. కారితే కింది స్వరాలు బిగబట్టి ఊదినా పలకవు. మూడు కిలోలకు పైబడిన బరువును మెడ ఒక్కటే మోయకుండా భుజాల పట్టీ తీసుకోవడం, మొదట రెండు లేదా రెండున్నర గట్టిదనం గల రీడ్ వాడడం మేలు.

పెదవుల పట్టు నేర్పడానికి శాక్సఫోన్ తెలిసిన గురువు కావాలి. రాగం నేర్వడానికి గాత్ర గురువు చాలు. గోపాల్‌నాథ్ కూడా గాయకుడూ మృదంగ విద్వాంసుడూ అయిన టి.వి. గోపాలకృష్ణన్ వద్ద శిక్షణ పొందినవారే. తంబురా శ్రుతి పెట్టుకొని, ఒక్కొక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు వణుకు లేకుండా నిలపడం తొలి నెలల పని. అది కుదిరిన తరువాతనే వరుసలకు వెళ్లాలి.