కెర్నెల్‌లో కన్నం: తొమ్మిదేళ్లకు ఎలా పూడ్చారు?

మన హాస్టల్ విద్యార్థుల చేతుల్లో ఉన్న ఫోన్లలో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్ ఫోన్లే. వాటిలోనూ కొత్తగా కొన్నవి తక్కువ. అన్నయ్య వాడి ఇచ్చినవి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవి ఎక్కువ. ఆ ఒక్క ఫోన్‌లోనే అమ్మ పేరున ఉన్న బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ ఓటీపీ, హాల్‌టికెట్, ఇంటిల్లిపాది ఫోటోలు అన్నీ ఉంటాయి. ఆ ఫోన్ లోపల అన్నింటికంటే పెద్ద అధికారం చెలాయించే ప్రోగ్రాం ఒకటుంది. దాని పేరు కెర్నెల్. దానికే కన్నం పడితే ఏమవుతుంది? ఆ కన్నాన్ని ఎవరు కనిపెడతారు, ఎలా పూడుస్తారు? ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని, ఇంటికి తొలి పట్టభద్రులమై, ఇప్పుడు పి.జి.లో కంప్యూటర్లు చదువుతున్న మేము ఈ సంగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

కెర్నెల్ అంటే ఏమిటి?

మన హాస్టల్ స్టోర్ రూంలో బియ్యం, పప్పు, నూనె ఉంటాయి. ఎవరికి ఆకలైతే వాళ్లు వెళ్లి బస్తా విప్పుకోరు. తాళం ఒకరి దగ్గర ఉంటుంది. అడిగినవారికి ఎంత ఇవ్వాలో చూసి, రిజిస్టరులో రాసి ఇస్తారు. కంప్యూటర్‌లోనూ అంతే. మెమరీ, డిస్కు, కెమెరా, నెట్‌వర్క్ ఇవన్నీ స్టోర్ రూంలోని సరుకులు. వాట్సాప్ కావచ్చు, ఆట కావచ్చు, ఏ ప్రోగ్రామూ వాటిని నేరుగా ముట్టుకోలేదు. కెర్నెల్‌ను అడగాలి. అడిగిన ప్రోగ్రాంకు అర్హత ఉందో లేదో కెర్నెల్ చూసి ఇస్తుంది, లేదా కాదంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నెల్. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో, 1991లో దీన్ని మొదలుపెట్టాడు. ఇవాళ ఇది కోట్ల వరుసల ప్రోగ్రాం. అందులో ఎక్కువ భాగం 'సి' భాషలోనే ఉంది. దాని మూలపాఠం ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు.

ఇంత పెద్ద ప్రోగ్రాంలో తప్పులు ఉండకుండా ఉండవు. అయితే ప్రతి తప్పూ ప్రమాదకరం కాదు. తెర మీద అక్షరం వంకరగా వస్తే అది లోపం మాత్రమే. అర్హత లేనివాడికి తాళం తెరుచుకునే వీలు కలిగిస్తే ఆ లోపమే భద్రతకు కన్నం అవుతుంది. అలాంటి కన్నాల్లో పేరుపొందినది 'డర్టీ కౌ'. దీని అధికారిక సంఖ్య సి.వి.ఇ.-2016-5195. పేరులో 'కౌ' ఉన్నా ఆవుకూ దీనికీ సంబంధం లేదు. 'కాపీ ఆన్ రైట్' అనే పద్ధతి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది.

రాసేవాడికి జెరాక్స్, చదివేవాడికి అసలు

ఆఫీసులో ముద్ర వేసిన జాబితా ఒకటి ఉందనుకుందాం. వంద మంది దాన్ని చదవాలి. వంద కాపీలు తీస్తే కాగితం దండగ. అందుకని గుమాస్తా ఒక నియమం పెట్టుకున్నాడు. చదివేవాళ్లందరికీ అసలు కాగితమే చూపిస్తాడు. ఎవరైనా దాని మీద రాసుకుంటామంటే అప్పుడు మాత్రం జెరాక్స్ తీసి ఇస్తాడు. వాళ్ల రాతలు జెరాక్స్ మీదే ఉంటాయి, అసలు కాగితం చెక్కుచెదరదు. కెర్నెల్ కూడా మెమరీని ఇలాగే పొదుపు చేస్తుంది. మెమరీని సాధారణంగా 4 కిలోబైట్ల పేజీలుగా విభజించి, ఒకే పేజీని అనేక ప్రోగ్రాంలకు చూపిస్తుంది. ఎవరైనా రాయబోతే వారికి సొంత కాపీ చేసి ఇస్తుంది.

ఇప్పుడు కన్నం ఎక్కడ పడిందో చూద్దాం. ఒక విద్యార్థి "రాయాలి" అని చీటీ ఇచ్చాడు. గుమాస్తా జెరాక్స్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇక కాగితం అందించడమే మిగిలింది కదా అని చీటీలోని "రాయాలి" అనే మాట కొట్టేశాడు. సరిగ్గా ఆ క్షణంలో విద్యార్థి స్నేహితుడు వచ్చి "ఆ జెరాక్స్ మాకు అక్కర్లేదు" అని తీయించేశాడు. గుమాస్తా బల్ల వైపు చూస్తే జెరాక్స్ లేదు. చీటీ చూస్తే "రాయాలి" అన్న మాటా లేదు. చదవడానికే అనుకుని అసలు కాగితం చేతికిచ్చాడు. పెన్ను మాత్రం విద్యార్థి చేతిలోనే ఉంది!

కెర్నెల్‌లో జరిగింది అచ్చంగా ఇదే. ఒకే ప్రోగ్రాంలోని రెండు భాగాలు ఏకకాలంలో నడుస్తాయి. ఒకటి రాస్తానని పదే పదే అడుగుతుంది. రెండోది కాపీని పారేయమని పదే పదే చెబుతుంది. వేలసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారైనా కాలం కలిసొస్తుంది. కంప్యూటర్‌కు వేలసార్లంటే కొద్ది క్షణాల పని. అలా, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో మామూలు వాడుకరి తనకు నచ్చింది రాసేయగలడు. ఆ ఫైలు వ్యవస్థ అధికారాలకు సంబంధించినదైతే, అతడే యంత్రానికి యజమాని అయిపోతాడు. ఇలా రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీపడి కొంప ముంచడాన్ని 'రేస్ కండిషన్' అంటారు.

కన్నం పూడ్చిన వైనం

ఈ కన్నం 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి ఉంది. 2016లో ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడు తన సర్వర్‌కు వచ్చిపోయే సమాచారాన్ని భద్రపరచి పరిశీలిస్తుండగా, ఎవరో దీన్ని వాడుకుని దాడి చేసిన ఆనవాళ్లు దొరికాయి. అంటే కాపలాదారుల కంటే ముందే దొంగలకు దారి తెలిసిపోయిందన్నమాట.

ఇలాంటివి తెలిసినప్పుడు ముందుగా కెర్నెల్ భద్రతా బృందానికి రహస్యంగా చెప్పడం పద్ధతి. గోడకు కన్నం ఉందని ఊరంతా చాటితే, మేస్త్రీ కంటే ముందు దొంగ వస్తాడు కదా!

సవరణను 2016 అక్టోబరులో టోర్వాల్డ్స్ స్వయంగా రాశాడు. నిజానికి ఈ లోపాన్ని సరిచేయడానికి ఆయన 2005లోనే ఒకసారి ప్రయత్నించాడు. ఆ సవరణ వల్ల ఐ.బి.ఎం. వారి ఎస్390 అనే పెద్ద యంత్రాల్లో ఇబ్బంది రావడంతో దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పట్లో ఇలా జరగడం కాగితం మీది ఊహే అనుకున్నారు. యంత్రాలు, మెమరీ నిర్వహణ పద్ధతులు మారేకొద్దీ ఆ ఊహ నిజమైంది. ఈ విషయమంతా ఆయన సవరణతో పాటు రాసిన వివరణలోనే ఉంది. ఎవరైనా చదవవచ్చు.

కొత్త సవరణ ఇరవై వరుసలకు మించదు. మన గుమాస్తా భాషలో చెప్పాలంటే మూడు మార్పులు. ఒకటి, చీటీలో "రాయాలి" అన్న మాట ఇక కొట్టేయకూడదు. రెండు, దాని పక్కన "జెరాక్స్ తీశాం" అని వేరే గుర్తు పెట్టాలి. మూడు, ఆ గుర్తును మాత్రమే నమ్మకుండా, ఇవ్వబోయే కాగితం మీద అది జెరాక్సే అని తెలిపే మచ్చ ఉందో లేదో చూడాలి. ఆ మచ్చనే 'డర్టీ బిట్' అంటారు. జెరాక్స్ మాయమైతే గుమాస్తా మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెడతాడు తప్ప అసలు కాగితం ఇవ్వడు.

కథ అక్కడితో ముగియలేదు. 2 మెగాబైట్ల 'హ్యూజ్ పేజీ'ల విషయంలో ఆ మచ్చ కాపీ తీయకుండానే పడే వీలుందని 2017 నవంబరులో బిండెసీ అనే సంస్థ పరిశోధకులు కనిపెట్టారు. దాన్ని మళ్లీ సరిచేశారు. పూడ్చిన చోటును మళ్లీ తట్టి చూడాలనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సవరణ మన ఫోన్ దాకా వస్తుందా?

అసలు ప్రశ్న ఇదే. 2016 అక్టోబరు 20న 4.8.3, 4.7.9, 4.4.26 వెర్షన్లలో ఈ సవరణ విడుదలైంది. సర్వర్లు నడిపేవారు వెంటనే తీసుకున్నారు. ఫోన్ సంగతి వేరు. లినక్స్ వారి సవరణను ఆండ్రాయిడ్ వారు తీసుకోవాలి, చిప్ తయారుచేసేవారు కలపాలి, ఫోన్ కంపెనీ పంపాలి, చివరికి మనం అప్‌డేట్ నొక్కాలి. ఆండ్రాయిడ్ 2016 డిసెంబరు భద్రతా ప్రకటనలో ఈ సవరణ ఉంది. కానీ అమ్మి కొన్నేళ్లయిన మోడళ్లకు కంపెనీలు అప్‌డేట్లు ఆపేస్తాయి. అక్కడ గొలుసు తెగిపోతుంది.

సవరణ బయటికి వచ్చిందంటే కన్నం ఎక్కడుందో అందరికీ తెలిసిపోయినట్టే. కాబట్టి ఆ రోజు నుంచి అప్‌డేట్ అందని ఫోన్‌కు ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో సంస్థ 'జెడ్.ఎన్.ఐ.యు.' అనే దొంగ ప్రోగ్రాం గురించి వెల్లడించింది. మామూలు యాప్‌ల వేషంలో వచ్చి ఇదే కన్నం గుండా ఫోన్‌లో దూరేది. నలభైకి పైగా దేశాల్లో కనిపించిన దాని బారిన పడినవారిలో ఎక్కువ మంది చైనా, భారతదేశాల వారే. సవరణ వచ్చిన పదకొండు నెలల తర్వాత ఇది జరిగింది. ఖరీదైన కొత్త ఫోన్ కొనగలిగినవాడికి కన్నం త్వరగా పూడుతుంది. పాత ఫోన్‌తో సర్దుకునే మనలాంటివాళ్లకు తెరిచే ఉంటుంది. పేదరికానికి భద్రతతో ఉన్న లంకె ఇదీ.

మనం చేయగలిగింది

సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిస్తే కెర్నెల్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగే ముందు ఆ తేదీ చూడండి. అప్‌డేట్ వచ్చిందంటే డేటా అయిపోతుందని వాయిదా వేయకండి. ఎవరో పంపిన ఏ.పి.కె. ఫైళ్లు ఎక్కించకండి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకపోవడమే మేలు.

ఇంకొక మాట. టోర్వాల్డ్స్ రాసిన ఆ సవరణను మేము 'సి' భాష నేర్చుకున్నాక కూర్చుని వరుస వరుసా చదివాం. దానికి ఎవరి సిఫారసూ అవసరం రాలేదు, ఒక్క రూపాయి ఫీజూ కట్టలేదు. మీలో పాయింటర్లంటే భయపడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, ఆ భయం పోయేదాకా మా దగ్గరకు రండి. ఆదివారాలు కలిసి కూర్చుందాం. కెర్నెల్‌లో ఇంకా కన్నాలు దొరుకుతూనే ఉన్నాయి. వాటిని పూడ్చేవాళ్లలో మన హాస్టల్ విద్యార్థి పేరు కూడా ఒకటి ఉండాలని కోరుకుంటున్నాం.